జగన్నాథన్‌కు వినపడని కౌజులు

మా మిల్లు మగ్గాల షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడుకునేవారు కాదు. నాలుగు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడి కేక కూడా వినపడదు. పెదవులు చూసి, చేతి సైగలు చూసి సంగతి గ్రహించాలి. అందుకే టీ గంట కొట్టగానే బయట అందరూ ఒకేసారి మాట్లాడేవారు. సోమవారం మాత్రం జగన్నాథన్ మాట్లాడితే మిగతావాళ్ళు వినేవారు. ఆదివారం వేట కబుర్లు అతనివి.

జగన్నాథన్ మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. నేను షెడ్డు బయట చిన్న గదిలో కూర్చుని హాజరు చూసే టైమ్‌కీపర్ని. కోయంబత్తూరు పీలమేడులో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అతని తండ్రి దురైసామి నాయుడికి అన్నూరు దగ్గర పొలం ఉండేది. బావి ఎండిపోతే పొలం అమ్మి మిల్లులో చేరాడు. పదేళ్ళు దూది పీల్చి, దగ్గి దగ్గి పోయాడు. కొడుక్కి మిగిల్చింది ఒంటిగొట్టం తుపాకి ఒకటి, దాంతో పాటు పిట్ట ఉనికి పట్టే విద్య. ఆ తుపాకి ఊళ్ళో మేనత్త వేదవల్లి ఇంట్లో ఉండేది. సెలవు దొరికితే జగన్నాథన్ అక్కడ ఉండేవాడు.

"పల్లెటూరంటే ఏమనుకుంటిరి?" అనేవాడు గ్లాసు చేత్తో పట్టుకుని. "అక్కడ మనిషికి తప్ప అన్నిటికీ తీరికే. మా అత్త ఎనుము నన్ను చూసి లేవను కూడా లేవదు, పండుకొనే పలకరిస్తాది. కౌజు పిట్టలు కూడా అంతేనప్పా. నేను బస్సు దిగినానంటే పిల్లాజెల్లాతో బయటికొచ్చి ఎండకు కూర్చుంటాయి. జగన్నాథన్ వచ్చినాడు, ఇంక బయంలేదు అని."

అందరూ నవ్వేవారు. మొదటి ఏడాది అతను తాటాకు బుట్టలో రెండో మూడో కౌజులు తెచ్చేవాడు, గదిలో స్టవ్వు మీద మిరియాలు వేసి వండుకునేవాళ్ళం. తర్వాత తర్వాత బుట్ట ఖాళీగా రావడం మొదలైంది. కబుర్లు మాత్రం తగ్గలేదు. ఆ కబుర్ల వెనక మనిషి ఎంత అలసి ఉన్నాడో గదిలో నాకు కనిపించేది. వారానికో షిఫ్టు మారేది. పని నుంచి వచ్చి మంచం మీద కూర్చునేవాడు, ఒక చెప్పు విడిచి, రెండోది విడవడం మరిచిపోయి గోడ వైపు చూస్తూ ఉండిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. నిద్రమత్తు అనుకునేవాణ్ణి.

ఆ ఏడు దీపావళికి ముందు వేదవల్లమ్మ బస్సు కండక్టరు చేత కబురు పంపింది. అడవి పందులు పడి కడ్లకాయ చేను దున్నేస్తున్నాయట. 'ఆ తుపాకి దూలానికి వేలాడేదానికేనా ఉండేది?' అని అడగమందట.

"నువ్వూ రా కుప్పుస్వామీ" అన్నాడు జగన్నాథన్. "నా పరాక్రమానికి సాక్షి కావాల."

శనివారం సాయంత్రం వెళ్ళాం. మర్నాడు తెల్లవారుజామున చేను గట్టున ఆముదం మొక్కల చాటున కూర్చున్నాం. తుపాకి ఒళ్ళో పెట్టుకుని అతను ఎదుటి కంచె వైపే చూస్తున్నాడు. కొంతసేపటికి మా కుడివైపు నుంచి గురగుర వినిపించింది. తర్వాత వేళ్ళు పెకలించే చప్పుడు, వేరుశనగ కాయలు పటపటమని నమిలే చప్పుడు. మహా అయితే ముప్పై అడుగులు. జగన్నాథన్ తల తిప్పలేదు. వేటగాళ్ళ పద్ధతి ఏదో అయి ఉంటుందని నేనూ ఊరుకున్నాను. పందులు ఇంకా దగ్గరికి వచ్చాయి. ఇక ఆగలేక మోచేత్తో పొడిచాను.

"ఏమప్పా?" అన్నాడు, గొంతు తగ్గించకుండా.

పందులు తలలెత్తి పరుగందుకున్నాయి. అతను అదిరిపడి తిరిగి కాల్చాడు. గుళ్ళు ఆముదం ఆకుల్ని చీల్చాయి. పిల్లలతో సహా ఐదు పందులు కంపలో దూరి పోయాయి.

"చూసినావా, ఎంత మర్యాద వాటికి! నా తూటా పేలేదాకా ఉండి పోయినాయి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తెల్లగా వెలుగొచ్చింది. ఇంకో తూటా పెట్టి, తల ఒక పక్కకు వాల్చి కూర్చున్నాడు. "పందులు పోతే పోనీ. ఇది కౌజులు అరిచే వేళ. మా నాయన కండ్లు మూసుకొని చెప్పేవాడు, ఏ కంపలో ఉండాయి, ఎన్ని ఉండాయి అని. నాకు అదొక్కటి బాగా నేర్పినాడు."

నాకు వేట తెలియదు. కానీ అప్పటికే కౌజులు అరుస్తున్నాయి. ఎదుటి కంచెలో ఒకటి, వెనక జొన్న మొదళ్ళలో ఒకటి, బావి వైపు నుంచి మరొకటి. ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు గొంతు చించుకుని అరుస్తున్నాయి. జగన్నాథన్ కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. చివరికి కళ్ళు తెరిచి, "పందులు బయపెట్టినాయేమో. ఈ పొద్దు ఒక్కటీ నోరు తెరవలేదు" అన్నాడు.

అప్పుడే వేదవల్లమ్మ జొన్నంబలి ముంతతో గట్టెక్కి వచ్చింది. ఆవిడకు చేను సంగతి తప్ప మరోటి పట్టలేదు.

"పందిని కొట్టలేదు సరి. ఇన్ని కౌజులు చుట్టూ అరుస్తా ఉంటే వాటినన్నా కొట్టరాదా కన్నూ?"

జగన్నాథన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆపి నా పెదవుల వైపు చూశాడు, షెడ్డులో చూసినట్టే.

"అరుస్తా ఉండాయా?"

తల ఊపాను.

"ఎన్ని?"

మూడు వేళ్ళు చూపించాను.

అతను తుపాకి మడిచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు. గట్టు మీద కాళ్ళు చాపి కూర్చున్నాడు. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు. ఎప్పటినుంచో మోస్తున్న మూటను దించిన మనిషిలా ఉన్నాడు.

"పోయిన ఏడే అనుమానం వచ్చింది" అన్నాడు. "పిట్టలే తగ్గినాయనుకొంటి. అట్ల అనుకొనేది సులువు కదా."

వేదవల్లమ్మకు అప్పుడు అర్థమైంది. ముంత కింద పెట్టి, అతని తల దగ్గరికి లాక్కుని చెవిలోకి చూసింది, అక్కడేదో కనిపిస్తుందన్నట్టు.

"మా అన్నకు ఊపిరి పోయె. నీకు చెవి పోయె. ఆ మిల్లుకు ఇంకేం కావాలంట?"

ఆ మాట అతనికి వినపడిందో లేదో తెలియదు. అంబలి తాగి, ముంత కడిగి ఇచ్చాడు.

ఆ వారంలోనే కోయంబత్తూరులో డాక్టరు ఆరోగ్యసామి దగ్గరికి తీసుకెళ్ళాను. పోయింది తిరిగి రాదనీ, ఆ చప్పుడు నుంచి బయటపడితే ఉన్నది నిలుస్తుందనీ ఆయన చెప్పాడు. మెట్లు దిగుతూ జగన్నాథన్ అన్నాడు: "అరవంలో చెవిని కాదు అంటారు కదప్పా. నా చెవి మాత్రం తెలుగు నేర్చింది. ఏమడిగినా కాదు, కాదు అంటాది." తన మాటకు తనే నవ్వి, మెట్టు మీద కూర్చుండిపోయాడు. బస్సు వచ్చినా లేవలేదు. నేనూ లేపలేదు.

చప్పుడు లేని చోటికి, గుడ్డలు మడతపెట్టే విభాగానికి మార్చమని వీవింగ్ మాస్టరును అడిగాడు. ఫిట్టరు పని వదిలి ఆడవాళ్ళ పక్కన గుడ్డ మడత పెడతావా అని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. పొంగలి పండుగ దాటాక గానీ మార్పు రాలేదు. అందాకా చెవుల్లో దూది కుక్కుకుని మగ్గాల మధ్యే తిరిగాడు. ఆదివారాలు మేమిద్దరం ముళ్ళకంప కొట్టి చేను చుట్టూ కంచె వేశాం. తుపాకిని అవినాశిలో పోలీసులకు అప్పగించాడు, నేనూ తోడు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మాటిమాటికీ కదిలించాడు.

"బాధగా ఉందా?" అని అడిగాను, మొహం అతని వైపు తిప్పి.

"దాన్ని మోసేది తప్పింది" అన్నాడు. కాసేపటికి, "మా నాయనదప్పా అది" అన్నాడు.

మరుసటి ఏడు పందులు కంచె తోసుకుని ఒక మూల తిన్నాయి. తక్కిన పంట ఇంటికి చేరింది. కాయలు తెంపే రోజు మేమూ వెళ్ళాం. పెరికిన మొక్కలు ఇంటి ముందు కుప్పపోసి, నాగమ్మాళ్, రాసాత్తి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఊరి సంగతులన్నీ మాట్లాడుతూ కాయలు తెంపుతున్నారు. జగన్నాథన్ వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. వాళ్ళ మాటలు సగం పెదవుల మీద చదివాడు, సగం వదిలేశాడు. మధ్యాహ్నం దాటేసరికి చేతిలో మొక్క చేతిలోనే ఉండగా కుప్పకు ఆనుకుని నిద్రపోయాడు. మట్టి గడ్డం మీద అంటుకుంది.

వేదవల్లమ్మ అది చూసి ఆడవాళ్ళను కసిరింది.

"మెల్లగా మాట్లాడండే. పిల్లోడు పండుకొన్నాడు."

వాళ్ళు గొంతులు తగ్గించారు.