స్టెఫానియా గారి చివరి డబ్బింగ్

పోయిన గురువారం పొద్దున్న పై అంతస్తు నుంచి యాన్కా గారు దిగి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. ఎప్పుడూ చనువుగా లోపలికి వచ్చేసే మనిషి, ఆ రోజు రాలేదు. "మా అక్క లేవలేదు. పిలిస్తే పలకలేదు" అన్నారు. పాపకి కలుపుతున్న పాలు నా చేతిలో అలాగే ఉండిపోయాయి. ముందు రోజు సాయంత్రమే స్టెఫానియా గారు మా సోఫాలో కూర్చుని, నా చారు కారంగా ఉందని ముక్కు తుడుచుకుంటూనే రెండోసారి పోయించుకున్నారు. ఆవిడ ఇక లేరన్న మాట ఈ రాత్రి రాస్తున్నప్పుడు కూడా నమ్మశక్యంగా లేదు.

షికాగో పక్కన ఈ షామ్‌బర్గ్‌లోని మన తెలుగువాళ్లకి ఆవిడ మా పాపని ఎత్తుకుని లాండ్రీ గది దగ్గర కనిపించే తెల్లజుట్టు పెద్దావిడగానే తెలుసు. ఆవిడ పోలండ్‌లో పాతికేళ్లకి పైగా సినిమాల్లో నటించారనీ, అక్కడ రొట్టెల క్యూలో నిలబడితే జనం బలవంతాన ముందుకు పంపేవారనీ చాలామందికి తెలియదు.

పదిహేడో ఏట నూలు మిల్లు కార్మికురాలి వేషంతో తెరకెక్కారు. నాయిక వేషాలు ఎన్నడూ రాలేదు. "నాది బంగాళాదుంపలు తవ్వే ముఖం. కెమెరా నన్ను నమ్మింది, అందం లేకపోతేనేం" అనేవారు. చాకలి, నర్సు, కొడుకు కోసం స్టేషన్లో కూర్చున్న తల్లి, ఇలాంటి పాత్రలకే ప్రాణప్రతిష్ఠ చేశారు. ఆవిడ కీర్తికి మూలం గొంతు. లోతుగా, కాస్త బొంగురుగా, దగ్గర కూర్చుని మనతోనే చెబుతున్నట్టుండేది.

ఆవిడ నటించిన సినిమాలకీ మన సినిమాలకి లాగే షూటింగ్ ముందు, డబ్బింగ్ తర్వాత. చీకటి గదిలో తెర చూస్తూ మళ్లీ మాట్లాడాలి. ఆ పాత్ర తొడుక్కున్న చెప్పులో బూట్లో కాళ్లకి లేకపోతే ఆవిడ నోరు విప్పేవారు కాదు. ఒకసారి అవి పోయాయని రోజంతా పని ఆపించారట. "నటికి గొంతు పాదాల నుంచి వస్తుంది" అని నాతో ఎన్నోసార్లు అన్నారు.

చివరి సినిమాలో గని ప్రమాదంలో భర్తని పోగొట్టుకున్న స్త్రీ వేషం. భర్త బూట్లు తొడుక్కుని సినిమా అంతా నడుస్తుంది. షూటింగ్ ముగిసింది. డబ్బింగ్‌కి ఇంకా వ్యవధి ఉందని చెల్లెల్ని చూడటానికి అమెరికా వచ్చారు. ఈలోగా పోలండ్‌లో సైనిక పాలన వచ్చింది. ఆవిడ తిరిగి వెళ్లలేకపోయారు. ఈ దేశంలో తెర మీద కనిపించింది ఒక్కసారే, టీవీలో ఆఫీసు నేల తుడిచే మనిషిగా. ఒక్క మాట కూడా ఇవ్వలేదు. "నా ఇంగ్లీషులో యాస ఉందట. తుడుపులో యాస తెలియదు కదా!" అని నవ్వేవారు.

పోయిన చలికాలంలో పోలండ్ నుంచి వచ్చినవాళ్లెవరో ఆ చివరి సినిమా క్యాసెట్టు తెచ్చి ఇచ్చారు. అక్కడి క్యాసెట్లు ఇక్కడి వీసీఆర్‌లలో ఆడవు. ఇండియా నుంచి వచ్చే సినిమాల కోసం మనలో చాలామందిలాగే మేమూ పలు దేశాల క్యాసెట్లు ఆడే మెషీన్ కొనుక్కున్నాం. అందుకే ఆవిడ మా తలుపు తట్టారు. చెప్పకుండానే బూట్లు బయట విడిచి, మేజోళ్లతో లోపలికి వచ్చారు.

అప్పటికి మా పాపకి రెండున్నరేళ్లు. ఒక్క మాట లేదు. ఇంట్లో రెండు భాషలుంటే పిల్ల తికమక పడుతుంది, తెలుగు మానేయండి అన్నారు డాక్టరు. మానేశాను. ఇంగ్లీషులో లాలించాను, ఇంగ్లీషులో అన్నం పెట్టాను. అయినా పాప నోరు విప్పలేదు. నాకు కంటి మీద కునుకు లేదు.

సినిమా మొదలైంది. మా మెషీన్‌లో దానికి రంగులు రాలేదు, బొమ్మ మాత్రం వచ్చింది. తెర మీద స్టెఫానియా గారు నోరు తెరిచారు. వినిపించింది మరెవరిదో సన్నని, తియ్యని గొంతు. ఆవిడ కొయ్యబారిపోయారు. తెర వైపు వేలు చూపి, "ముఖం ఉంచుకున్నారు, నన్ను పంపించేశారు" అన్నారు.

టీవీ మీద చెయ్యి వేయబోతున్న పాపని ఇంగ్లీషులో వారించాను. ఆవిడ నా వైపు తిరిగారు.

"ఇందాక మీ ఆయనతో ఫోన్‌లో మీ భాషలో మాట్లాడావు. అది నీ గొంతు. పాపతో మాట్లాడేటప్పుడు నీకెవరు డబ్బింగ్ చెబుతున్నారు?"

డాక్టరు మాట చెప్పాను.

"ఆయన పాప చెవులు చూశాడు. నువ్వు మాట్లాడటం విన్నాడా?"

 ఆవిడ లేచి టీవీ శబ్దం పూర్తిగా తగ్గించారు. "ఈ ఒక్కరోజు మీ ఇంట్లో బూట్లు తొడుక్కోనిస్తావా?" అని అడిగి, గుమ్మం దగ్గరున్న మా వారి మంచు బూట్లు తెచ్చుకుని, కార్పెట్ మధ్యలో నిలబడ్డారు. క్యాసెట్టు మొదటికి తిప్పి మాట్లాడటం మొదలుపెట్టారు. పెదవులు కదిలిన ప్రతిచోటా మాట సరిగ్గా వచ్చి కూర్చుంది. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఏడ్చాను. క్షణం నిలవని మా పాప ఆ బూటుకి ఆనుకుని కూర్చుని, తలెత్తి ఆవిడ నోటినే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం మా వారు వస్తూనే, "నా బూట్లు హాల్లో ఏం చేస్తున్నాయోయ్?" అన్నారు. జరిగింది చెప్పాను. "డాక్టర్‌ని కాదని సినిమా యాక్టర్ మాట వింటావా? ఆవిడేమన్నా స్పెషలిస్టా?"

"కాదు. కానీ ఇక నా వల్ల కాదండీ. పాపతో మాట్లాడుతుంటే నాకే పరాయిదాన్నిలా ఉంటోంది."

"సరే, ట్రై చెయ్యి. నెక్స్ట్ అపాయింట్‌మెంట్‌లో డాక్టర్‌కి మాత్రం నువ్వే ఎక్స్‌ప్లెయిన్ చేసుకో."

ఆ రాత్రే పాపకి తెలుగులో జోల పాడాను. అద్భుతమేమీ జరగలేదు. స్టెఫానియా గారు రోజూ దిగి వచ్చి, "ఈ రోజు ఏమంది?" అని అడిగేవారు. ఏమీ అనలేదంటే, "వింటోంది. మాట ఎప్పుడు అందుకోవాలో మంచి నటికి తెలుసు" అనేవారు. వేసవికి ఒకటీ అరా మాటలు వచ్చాయి. ఈ రోజుకీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. భయం పూర్తిగా పోలేదు. ఆ ప్రశ్న అడిగి, ఆ ధైర్యం చెప్పే మనిషి పోయారు.

ఆ మహానటి గొంతు పాత సినిమాల్లో ఉంటుంది, ఆమె దేశం ఎప్పటికైనా మళ్లీ వింటుంది. ఆ చివరి పాత్రకి ఆవిడ ఇచ్చిన గొంతు మాత్రం ఏ రీలు మీదా లేదు. విన్నది నేనూ, మా పాపా. ఆ లోటు ఎవరు తీర్చగలరు? ఆవిడ పాదాలకి నా నమస్కారం.

అంత్యక్రియల నుంచి వచ్చాక, మా దగ్గరే ఉండిపోయిన ఆ క్యాసెట్టు పెట్టాను. ఆవిడ ముఖం కనబడి, ఆ పరాయి గొంతు వినబడగానే పాప లేచి టీవీ శబ్దం తగ్గించింది. గుమ్మం దగ్గరికి వెళ్లి వాళ్ల నాన్న బూట్లు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. తొడుక్కుని నిలబడ్డాను. తెర మీద ఆవిడ పెదవులు కదులుతున్నంతసేపూ ఆవిడ గురించి పాపకి తెలుగులో చెబుతూ పోయాను. ఒకచోట ఆగి కళ్లు తుడుచుకున్నాను. బూటుకి ఆనుకుని కూర్చున్న పాప తలెత్తి నా నోటి వైపు చూసింది.

"ఇంకా, అమ్మా" అంది.