తిరగకూడని తిరుగుడు వంతెన

రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలు ఉండగా, ఒక జూన్‌లో నన్ను మేడ్చల్‌కు పంపారు. అప్పుడు నేను రైల్వే బ్రిడ్జిల విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజనీర్‌ని. హోదా పేరు పొడవుగా ఉన్నా పని చిన్నదే: పైవాళ్ళ ఉత్తర్వు కిందివాళ్ళకు చెప్పడం, కిందివాళ్ళ కష్టం పైవాళ్ళకు రాసి పంపడం. ఈసారి వచ్చిన ఉత్తర్వు ఇదీ: కోస్తాలో ఒక ఉప్పుటేరు మీద మూడు తరాలు పనిచేసి ఆగిపోయిన తిరుగుడు వంతెనను మేడ్చల్ స్టేషన్ దగ్గర ఖాళీ స్థలంలో మళ్ళీ నిలబెట్టి భావితరాల కోసం భద్రపరచాలి.

తిరుగుడు వంతెనలో నడిమి భాగం ఒక పెద్ద ఇరుసు మీద కూర్చుని ఉంటుంది. పడవ వచ్చినప్పుడు నలుగురు మనుషులు పొడవాటి ఇనుప కడ్డీని తోస్తూ గుండ్రంగా నడిస్తే, ఆ భాగం పట్టాలతో సహా పక్కకు తిరిగి దారి ఇస్తుంది. పడవ పోయాక మళ్ళీ తిప్పి మూస్తే రైలు పోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. అలాంటిదాన్ని నీటిచుక్క లేని చోట ఎందుకు పెట్టారని అడగవచ్చు. ఏటి ఒడ్డున ఉన్న స్థలం కోసం రెండు శాఖలు కొట్లాడుకుంటున్నాయి. మేడ్చల్ స్థలం ఎవరికీ అక్కర్లేదు. ఫైల్లో దాన్ని ‘అన్ని విధాలా అనుకూలమైన ప్రదేశం’ అని రాశారు.

ముక్కలు ట్రైలర్ లారీల మీద వచ్చాయి. వంతెన విప్పేటప్పుడు ఏది దేనికి అతకాలో తెలిసేలా ప్రతి ముక్క మీదా రంగుతో నంబరు వేస్తారు. అయితే బయలుదేరే ముందే, సుందరీకరణ పద్దు కింద, అన్నిటికీ వెండిరంగు పూసేశారు. వంతెన మెరుస్తూ దిగింది. ఏ ముక్క ఎక్కడిదో మాత్రం ఎవరికీ తెలియదు.

నా ఫిట్టర్ ఖాజా మియాది లాల్‌గడి మలక్‌పేట్. పాత ఇనుము పని తెలిసిన మనిషి. ఆ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “పెండ్లిపిల్లకు మస్తు సోకు జేసి, పేరే మర్చిపోయిన్రు సార్,” అన్నాడు.

కూలికి వచ్చినవాళ్ళలో శామీర్‌పేట నుంచి లక్ష్మమ్మ ఉండేది. చేపలు పట్టే కుటుంబం. మొదటిరోజే నన్ను అడిగింది.

“సార్, నీళ్ళు యాడున్నయ్?”

“నీళ్ళు లేవమ్మా. ఇది చూడడానికి పెడుతున్నాం.”

“నీళ్ళు లేని కాడ వంతెనేంది సార్? సర్కారుకు ఏం పని లేదా ఏంది?”

ఈ ప్రశ్న ఫైల్లో ఎవరూ రాయలేదు. వారం తర్వాత మా చిక్కు విప్పింది ఆమే. ఒక దూలాన్ని గుడ్డతో తుడుస్తూ ఆగిపోయి, “ఇగో సార్, గీడ గీతలేవో చేతికి తాకుతున్నయ్,” అంది. ఏళ్ళ తరబడి వలల చిరుగులు వేళ్ళతో తడిమి పట్టుకున్న చేతులు ఆమెవి. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే వెండిరంగు కింద నంబరు బయటపడింది. ఆ తర్వాత నెలరోజులు మా ఇంజనీరింగ్ అంతా లక్ష్మమ్మ వేళ్ళ మీదే నడిచింది.

చలికాలానికి వంతెన నిలబడింది. ఇరుసు తుప్పుపట్టి బిగిసిపోయి ఉంది. ఖాజా మియా మూడు వారాలు దాన్ని కిరసనాయిలుతో నానబెట్టి, గోకి, గ్రీజు పట్టించాడు. ఒక ఉదయం మేం నలుగురం కడ్డీ తోశాం. కిర్రుమని ఒక జానెడు కదిలింది. మధ్యాహ్నానికి లక్ష్మమ్మ ఒంటిచేత్తో తిప్పింది. ఖాజా మియా గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. కదలకుండా నిలబడిన వంతెనలను కాపాడుతూ నా సర్వీసంతా గడిచింది. కదిలించిన వంతెన అదొక్కటే. ఆ సంతోషంలో వారపు నివేదికలో ఆ సంగతి రాసేశాను. అది నా పొరపాటు.

డివిజన్ ఆఫీసు నుంచి, మేం పెద్దసారు అని పిలుచుకునే అధికారి సంతకంతో ఉత్తర్వు వచ్చింది: ప్రదర్శన వస్తువు కదలడం ప్రమాదకరం, వెంటనే వెల్డింగ్ చేసి కదలకుండా చేయాలి. ఇది కదిలే వంతెన కాబట్టే భద్రపరుస్తున్నామని, పైగా ఇరుసు కింద ఉన్న పళ్ళెం పోత ఇనుముదని, వెల్డింగ్ వేడికి పగులుతుందని నేను తిరిగి రాశాను. మూడో రోజే జవాబు వచ్చింది. నా సర్వీసులో అంత వేగంగా వచ్చిన జవాబు మరొకటి లేదు. ‘కదిలే వంతెన అన్నది దాని పేరు మాత్రమే. పేరుకు తగ్గట్టు కదలాలన్న నిబంధన ఏదీ లేదు. పగుళ్ళు వచ్చినచో కనపడకుండా రంగు వేయవచ్చును.’

మీద విచారణ పెట్టుకుని రిటైర్ అయితే రావలసిన డబ్బు ఆగిపోతుందని మా ఉద్యోగంలో అందరికీ తెలుసు. నాకు భయం వేసింది. ఖాజా మియాకు ఉత్తర్వు చదివి వినిపించాను.

“వెల్డింగ్ సెట్టు తెమ్మంటే తెస్త సార్. గని గీ చేతులతోని మాత్రం జెయ్య. ఇంకొకల్లను పిల్సుకోండ్రి.”

ఉత్తర్వు మళ్ళీ చదివాను. వాళ్ళకు కావలసింది వంతెన కదలకపోవడం. తిరిగే చట్రాన్ని కింది పునాదికి నాలుగు లావాటి బోల్టులతో బిగించాం. నివేదికలో ‘కదలకుండా స్థిరపరచడమైనది’ అని రాశాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

ప్రారంభోత్సవానికి హెడ్డాఫీసు నుంచి చాలా పెద్ద అధికారి వచ్చాడు. రిబ్బను కత్తిరించి, “ఇది తిరుగుతుందా?” అని అడిగాడు. పక్కనున్న పెద్దసారు అలవాటు కొద్దీ, “తిరుగుతుంది సార్,” అన్నాడు. అన్నాక తన సంతకం గుర్తొచ్చి నా వైపు చూశాడు. ఆయన ముఖం వంతెన రంగుకు వచ్చింది. ఐదు నిమిషాలు కావాలన్నాను. ఖాజా మియా స్పానర్‌తో నాలుగు బోల్టులూ విప్పాడు. అతిథి స్వయంగా కడ్డీ పట్టి ఎదురు దిక్కుకు తోయబోయాడు.

“అటు గాదు సార్, ఇటు తోయుండ్రి,” అంది లక్ష్మమ్మ, రెండో కొస పట్టుకుని.

వంతెన తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చారిత్రక వంతెనను జీవం లేని బొమ్మగా మార్చకూడదని తాను మొదటినుంచీ పట్టుబట్టానని పెద్దసారు ప్రసంగంలో చెప్పాడు.

మరుసటి వారం ఒకే టపాలో ఆయన సంతకంతో రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో వంతెనను తిరిగే స్థితిలో కాపాడినందుకు ప్రశంసాపత్రం. రెండోదాంట్లో, వెల్డింగ్ ఎందుకు చేయలేదో సంజాయిషీ ఇవ్వమని మెమో. మొదటిదాని నకలును రెండోదానికి సంజాయిషీగా జతచేసి పంపాను. ఆ తర్వాత ఏ జవాబూ రాలేదు. కావలసిన రోజునే రిటైర్ అయ్యాను.

ఉత్తర్వును ధిక్కరిస్తే ఉద్యోగి దెబ్బతింటాడు, అక్షరాలా పాటిస్తే వస్తువు దెబ్బతింటుంది. ఆ రెంటి మధ్య నాలుగు బోల్టులు పట్టేంత సందు చాలాసార్లు దొరుకుతుంది. పాత వస్తువులను కాపాడే పనిలో సగభాగం ఆ సందు వెతకడమే.