అబ్బా రేసు బండి, అమ్మీ గరిజెల డబ్బా

మా చిన్నప్పుడు... హనుమకొండలో మేం అబ్బా అని పిలిచే మా నాన్న మెకానిక్ షెడ్డు ముందు ఒక పొద్దున లారీ ఆగింది. అందులోంచి దింపిన బండిని చూసి గల్లీ అంతా నవ్వింది. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు. నాలుగు చక్రాలూ బాడీకి బయటే ఉన్నాయి. కూర్చోవడానికి ఒక్కటే సీటు.

"ఇదేం కారు చాచా, సగం చేసి ఇడిసిపెట్టిన్రా?" అన్నాడు పక్కన పంచర్లు వేసే అన్న.

అది రేసు కారు. స్టీలు సామాన్ల షాపు వాళ్ళ అబ్బాయి శీనన్న కొన్నాడు. వాళ్ళ ట్రాలీ ఆటోలు బాగుచేసేది అబ్బానే కాబట్టి దీన్నీ అబ్బాకే అప్పజెప్పాడు. అప్పట్లో ఇలాంటి కార్లకు ఏటా ఒక సిరీస్ జరిగేది... చెన్నై దగ్గర ట్రాక్ మీద, విడతలు విడతలుగా. రేసుల్లోంచి తప్పుకుంటున్న ఎవరో అమ్మితే శీనన్న తీసుకున్నాడట. ఆయన ఎందుకు తప్పుకుంటున్నాడని అప్పుడు ఎవరం అడగలేదు.

అబ్బా ఆ బండి మీద ప్రాణం పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకు పోయినా వేళ్ల సందుల్లో గ్రీజు అలాగే ఉండేది.

రేసుకు పోయే ముందు అమ్మీ గరిజెలు చేసేది, కొందరు కజ్జికాయలంటారే అవి, దారిలో తినడానికని. పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర కలిపి నింపి, నూనెలో వేయించి, పెద్ద రేకు డబ్బాలో సర్దేది. నేనూ తమ్ముడూ పొయ్యి దగ్గర నుంచి కదిలేవాళ్ళం కాదు. "ఇవి మీయి కావు. ముట్టిన్రంటే చేతులు ఇరగ్గొడ్త" అనేది.

మొదటిసారి డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. పక్క టీం మెకానిక్‌కు అబ్బా ఒకటి పెట్టాడట... అంతే, చెన్నై వాళ్ళు, కోయంబత్తూరు వాళ్ళు, కేరళ వాళ్ళు, అందరూ చేయి చాపారట.

"లారీ పెట్టెతందుకు జాగ దొరకలే. గన్ని బండ్లొచ్చినయి!" అని అబ్బా చెబుతుంటే అమ్మీ మురిసిపోయింది. మేం మాత్రం అలిగి అన్నం తినలేదు. మరుసటి రేసుకు అమ్మీ రెండు డబ్బాలు చేసింది.

కొన్నేళ్ళకు డబ్బాల్లో కొన్ని మిగిలి రావడం మొదలైంది. ఒక్కో ఏడూ ఇంకాస్త ఎక్కువ... మాకు పండగే! లారీ చప్పుడు వినగానే పరిగెత్తేవాళ్ళం. అబ్బా కోసం కాదు, డబ్బా కోసం. శీనన్న గెలిచాడా అని కూడా అడిగేవాళ్ళం కాదు.

అమ్మీకి మాత్రం అర్థమైంది. ఒక్క రేసైనా చూసిన మనిషి కాదు. డబ్బా ఎత్తి బరువు చూసి, "మళ్ళ తగ్గిన్రా?" అనేది. "వచ్చే ఏడు పెరుగుతరు తియ్, ఫికర్ చెయ్యకు" అనేవాడు అబ్బా. టైర్ల ధరలు పెరిగాయి, డబ్బు పెట్టే కంపెనీలు క్రికెట్ వైపు మళ్ళాయి, ఒక్కో టీమే మానుకుంటూ పోయింది... ఇవన్నీ నాకు పెద్దయ్యాక తెలిశాయి.

ఒక ఏడు అమ్మీ, "ఈసారి ఒక్క డబ్బనే చేస్త. తినెతందుకు ఎవరున్నరాడ?" అంది. ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని అబ్బా ఆ రోజు పెంచాడు.

"తక్కువ చెయ్యకు. మనమే తక్కువ చేస్తే ఇగ రేసులు లేనట్టే."

అమ్మీ మళ్ళీ పొయ్యి ముట్టించింది. రెండు డబ్బాలూ నిండుగా చేసింది.

ఆ రెండూ అలాగే తిరిగొచ్చాయి... మూతకు కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. సరిపడా కార్లు రాలేదని, వీళ్ళు అక్కడికి చేరాక రేసు రద్దు చేశారట. శీనన్న బండిని షెడ్డులో వదిలి ఇంటికి పోయాడు. అబ్బా గడప మీద కూలబడ్డాడు.

"అమ్మీ, అన్నీ మనకే!" అని తమ్ముడు గంతులేశాడు. నేనూ చప్పట్లు కొట్టాను. అమ్మీ కొట్టడానికి చెయ్యెత్తింది. అబ్బా ఆపాడు.

"తిననియ్యి. వాళ్లకేమెరుక" అన్నాడు.

ఆ రోజు కడుపు పట్టనంత తిన్నాం. అబ్బా మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సిరీస్ మళ్ళీ కోలుకోలేదు. "ఈసారి పెడ్తరంట చాచా" అని శీనన్న ఏటా కబురు మోసుకొచ్చేవాడు. అబ్బా బండి తుడిచి, ఇంజన్ స్టార్ట్ చేసి చూసుకునేవాడు. చివరికి శీనన్న దాన్ని అమ్మేసి, షాపులో గల్లా మీద కూర్చున్నాడు.

ఇప్పుడు మళ్ళీ రేసులంటున్నారు... లైట్లు, పాటలు, సినిమా వాళ్ళు. బాగుపడితే మంచిదే. నాకైతే నమ్మకం తక్కువ. కార్లన్నీ నిర్వాహకులవేనట, ఇంజన్లకు సీలు వేసి ఉంటుందట. మా అబ్బాలాంటి మెకానిక్ చెయ్యి పెట్టకూడదు. డబ్బున్న వాళ్లకు మోజు తీరిపోతే, ఆ రేసులను పట్టుకుని వేలాడే వాళ్ళు ఎవరుంటారు?

పోయిన నెల అబ్బా హైదరాబాద్ నుంచి వస్తూ, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఒక హోటల్ దగ్గర చాయ్‌కి ఆగాడు. గేటు ముందు ఆ బండి ఉంది. రంగు మార్చేశారు గానీ, తన చేతి వెల్డింగ్ చూసి గుర్తుపట్టాడు. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. ముందు టైరులో గాలి లేదు.

"జర గాలి కొట్టియ్యిన్రి, రిమ్ము ఖరాబైతది" అన్నాడట వాచ్‌మెన్‌తో.

"గాలెందుకు తాతా... ఇది నడిచెటిది కాదు, ఫోటోలకే" అన్నాడట అతను.

ఈ మాట అబ్బా నాకు నవ్వుతూనే చెప్పాడు. చెప్పి లోపలికి పోయాడు.

పెద్దవాళ్లకు ఏదో చేజారిపోతున్నప్పుడు, తెలియక సంబరపడ్డ రోజు మీకూ ఉందా? ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త తేలికవుతుంది.