గోడ మీద మూడు దెబ్బలు

రిసాలిలో మా ఇంటికీ పక్కింటి బాబాయ్ ఇంటికీ మధ్య ఒకటే గోడ. స్టీలు ప్లాంటులో రిటైరయ్యాక ఆయన వెనక వసారాలో వడ్రంగి పని పెట్టుకున్నారు. తలుపులు, బల్లలు చేసి అమ్మేవారు. చిత్రిక మిషన్ వేసే ముందు కొయ్యసుత్తితో గోడ మీద మూడుసార్లు కొట్టేవారు. అమ్మ అప్పడాల కర్రతో తిరిగి కొడితేనే మిషన్ తిరిగేది. మిల్లు మోతలోనే తల నెరిసిన మనిషి ఇంత చిన్న మోతకు మా అనుమతి అడగడం నాకు వింతగా ఉండేది.

నా పన్నెండో తరగతి పరీక్షలప్పుడు ఒకరోజు అమ్మ దుర్గ్ వెళ్లింది. పొద్దున్నే గోడ మీద మూడు దెబ్బలు వినిపించాయి. నేను పలకలేదు. కాసేపటికి మళ్లీ వినిపించాయి. ఈ ఒక్కరోజూ ఆ గోల లేకపోతే ఏం పోయిందిలే అనుకుని పుస్తకంలో తల దూర్చాను.

సాయంత్రం పెరట్లోకి వస్తే పిట్టగోడ మీంచి ఆయన కనిపించారు. బనీను తడిసి ముద్దయింది. చేత్తోనే తలుపుకి చిత్రిక పడుతున్నారు. మర్నాడు స్మృతి నగర్‌లో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ల తలుపు అది.

“ఏటి బాబాయ్, మిషన్ ఖరాబైందా?”

“మిషన్‌కేటీ అవనేదు. నువ్వు గోడ కొట్టనేదు కదమ్మా,” అన్నారు. గొంతులో కోపం లేదు.

ఇంట్లోకి పరిగెత్తి అప్పడాల కర్రతో మూడుసార్లు కొట్టాను. మిషన్ తిరగలేదు. కాసేపటికి అటునుంచి మళ్లీ మూడు దెబ్బలు వినిపించాయి. ఈసారి మెల్లగా, నీ చదువుకి అడ్డం కాదు కదా అని అడుగుతున్నట్టు.