చార్టమ్మ ఇంటి రాత్రి భోజనాలు

ఆస్పత్రిలో ఆమెను అందరూ చార్టమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పందొమ్మిదేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. మూడువందల నలభై పడకల ఆస్పత్రిలో ఎవరు ఏ పూట ఏం తినాలో వారం ముందే రాసిపెట్టడం. ఉప్పు తగ్గించాల్సినవాళ్ళకు పసుపు చీటీ, చక్కెర పనికిరానివాళ్ళకు నీలం చీటీ, నమలలేనివాళ్ళకు తెల్ల చీటీ. గురువారం మధ్యాహ్నం వంటగది పక్కనున్న కిటికీ లేని గదిలో కూర్చుని ఆమె గళ్ళు నింపితే, వచ్చే బుధవారం రాత్రి పన్నెండో నంబరు మంచం మీది మనిషి ఏం తింటాడో తేలిపోయేది. ఆ మనిషికి అప్పటికింకా జబ్బే చేసి ఉండకపోవచ్చు. అతని బంగాళాదుంప మాత్రం ఉడకడానికి సిద్ధంగా ఉండేది.

అంతటి మనిషికి తన ఇంట్లో ఆ రాత్రికి ఏముందో తెలిసేది కాదు.

ఇంట్లో వంట మామగారిది. ఆయన నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, చూపు మందగించాక కొట్టు మూసేశాడు. భార్య పోయిన ఏడాదే గరిటె పట్టుకున్నాడు. రోజూ నాలుగింటికి సంచి తీసుకుని బజారుకు వెళ్ళేవాడు. చూపు ఆగిన చోట కాళ్ళు ఆగేవి, అక్కడున్నది సంచిలో పడేది. లిఫ్టులు బాగుచేసే కొడుకు, పదో తరగతి చదివే మనవరాలు, ఆస్పత్రి నుంచి వచ్చే కోడలు ఏడున్నరకు బల్ల చుట్టూ చేరేవారు. మూత తీసేదాకా గిన్నెలో ఏముందో ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. ఎవరూ పస్తు పడుకోలేదు కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించనూ లేదు.

ఆలోచించే అవసరం కొత్త సూపరింటెండెంటు తెచ్చిపెట్టాడు. సిబ్బంది ఆరోగ్యం కోసం నెలనెలా ఒక ప్రసంగం ఏర్పాటు చేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. మొదటి ప్రసంగం ఎవరిచేత ఇప్పించాలా అని చూస్తే, ఆస్పత్రి మొత్తంలో ఫిర్యాదులు రాని విభాగం చార్టమ్మది ఒక్కటే కనిపించింది. తిండి బాగుందని కాదు. రోగులు ఫిర్యాదు రాసే ఓపిక వచ్చేలోపే ఇంటికి వెళ్ళిపోయేవారు.

"ఇంట్లో రాత్రి భోజనాలకు ముందుగా ప్రణాళిక వేసుకోవడం ఎలా, అని మాట్లాడండమ్మా. మూడు వారాలు టైముంది" అన్నాడాయన.

"సార్, మా ఇంట్లో..."

"అదే. మీ ఇంట్లో ఎలా చేస్తారో అదే చెప్పండి. పుస్తకాల్లోది మాకెందుకు?"

ఆమె బయటికి వచ్చేసరికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించి కూడా ఉంది.

చార్టమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఉన్నది లేదనలేదు, లేనిది ఉందనలేదు. అందుకని లేనిదాన్ని తెచ్చిపెట్టి, తర్వాత ఉందని చెబుదామని నిశ్చయించుకుంది. ఆదివారం కూర్చుని నెల రోజులకు గళ్ళు గీసి, మొదటి మూడు రోజులు నింపి, కింద "నలుగురికి" అని రాసి, పొయ్యి పక్క గోడకు అతికించింది.

"మామయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీకూ కాస్త తెరిపిగా ఉంటుందని."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం దగ్గరికి మొహం పెట్టి, పై నుంచి కింద దాకా చదివాడు.

"బాగుందమ్మాయ్. ఇందులో ఉన్నట్టే చేస్తా" అన్నాడు.

ఆ మాట అంత తేలిగ్గా వచ్చినప్పుడే ఆమె అనుమానపడాల్సింది. పడలేదు.

సోమవారం బంగాళాదుంపలు, బఠాణీలు. బ్రహ్మాండంగా కుదిరాయి. మంగళవారం చేప. ఆ రోజు పడవలు రాలేదు. బజారులో మిగిలినవి వేలెడంత చేపలు, వాటిలో కండకంటే ముళ్ళే ఎక్కువ. పక్క బుట్టలో మంచి వంకాయలు మెరుస్తున్నా ఆయన అటు చూడలేదు. నలుగురూ నోట్లోంచి ముళ్ళు తీసుకుంటూ ముప్పావుగంట మాటామంతీ లేకుండా తిన్నారు.

"వేరే ఏదైనా తేవలసింది కదా నాన్నా" అన్నాడు కొడుకు.

"కాగితంలో చేప అని ఉంది" అన్నాడాయన.

బుధవారం చిక్కుళ్ళు. ఏడింటికి తలుపు చప్పుడైంది. ఆడపడుచు, ఆమె భర్త. ఇటుగా వెళుతూ చూసి పోదామని వచ్చారు. చార్టమ్మ వంటగదిలోకి పరుగెత్తింది. మామగారు నాలుగు కంచాలు బల్ల మీద పెట్టి, గిన్నె అడుగు గరిటెతో గీకి చూపించాడు.

"నలుగురికే కదమ్మా రాశావు. నలుగురికే చేశాను."

"వచ్చింది మీ అమ్మాయి మామయ్యగారూ."

"ఎవరైతేనేం? లెక్క తప్పకూడదు కదా."

తండ్రీకొడుకుల కంచాలు కూతురికీ అల్లుడికీ వెళ్ళాయి. చార్టమ్మ తన కంచం భర్త ముందుకు జరిపి, మామగారితో పాటు వంటగదిలో నిలబడి రొట్టె ముక్క తింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నములుతున్నాడు. వెళుతూ వెళుతూ ఆడపడుచు గుమ్మం దగ్గర ఆగింది.

"వదినా, ఇది ఇల్లు. మా నాన్నను కూడా పేషెంటును చేసి కూర్చోబెట్టకు."

చార్టమ్మకు తల కొట్టేసినట్టయింది. మామగారు తూచా తప్పకుండా తన మాటే వింటున్నాడు. ఇంతకంటే పెద్ద తిరుగుబాటు ఆయనకు చేతకాదని ఆమెకు అప్పుడు అర్థమైంది. గురువారం పొద్దున ఆస్పత్రికి బయలుదేరుతూ అంది:

"కాగితం సంగతి వదిలేయండి మామయ్యగారూ. పప్పులో కాలేశాను. మీకు నచ్చింది చేయండి."

"నీ ఇష్టం" అన్నాడాయన. నాలుగు కొట్టగానే సంచి అందుకున్న ఊపు చూస్తే, ఆరోజు ఆ బజారు ఆయనకోసమే తెరిచారనుకోవచ్చు.

ఆమె కాగితం పీకేయడం మరచిపోయింది. వారం తర్వాత ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపినప్పుడు చూస్తే, గళ్ళు నిండి ఉన్నాయి. గురువారం ఆకుకూర. శుక్రవారం గుడ్లు. శనివారం వంకాయలు. గడియారం లోపల నంబర్లు చదివిన మనిషి దస్తూరీ, చీమల బారులా. మామగారు దారికి వచ్చాడని ఆమె మనసు తేలికపడింది. ఆ రాత్రి కంచాలు కడిగాక ఆయన చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసి, ఆ రోజు గడిలో "గుడ్లు, టమాటాలు" అని రాయడం కళ్ళారా చూసింది.

"తిన్నాక రాస్తున్నారా?"

"తినకముందు ఏం తెలుస్తుంది? అంత కష్టపడి గళ్ళు గీశావు. ఖాళీగా ఉంటే చూడబుద్ధి కాలేదు."

ప్రసంగం రోజున చెప్పడానికి ఆమె దగ్గర ఆస్పత్రి సంగతులు తప్ప ఇంకేమీ లేవు. చేతిలో చూపడానికి ఏదైనా ఉంటే ధైర్యంగా ఉంటుందని ఆ కాగితం మడిచి తీసుకెళ్ళింది. క్యాంటీన్‌లో అరవైమంది కూర్చున్నారు. ఆమె కూరలు ముందుగా కొనడం గురించీ, మిగిలినవి వాడుకోవడం గురించీ నాలుగు మాటలు చెప్పి ముగించబోతుంటే సూపరింటెండెంటు కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది చూడండి. దాదాపు మూడు వారాలు. ఒక్క కొట్టివేత లేదు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. ఇదీ క్రమశిక్షణ అంటే."

చార్టమ్మ నోరు తెరిచింది. ఆలోగా చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు ఆగాక చెబుదామనుకుంది. ఆగేసరికి టీ వచ్చింది. పందొమ్మిదేళ్ళలో తన చార్టుకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీ తాగేలోపు నిజం చెప్పాలన్న కోరిక కొంచెం చల్లారింది.

"వచ్చే నెలది కూడా బోర్డు మీద పెట్టండమ్మా. చూసి రాసుకుంటారు" అన్నాడాయన.

జరిగింది విని మామగారు నవ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గ్లాసుల టీతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రాయి మరి. నీ పరువు పోకూడదు కదా."

"మీరు చెప్పండి. మొదటి సోమవారం ఏం చేస్తారు?"

ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"నాకు ముందుగా తోచదమ్మాయ్. మీ అత్తయ్య ఉన్నన్నాళ్ళు నేను పొయ్యి మొహం చూడలేదు. బజారులో నిలబడితే, వంకాయ చూడగానే ఆవిడ దాన్ని ఎలా చేసేదో గుర్తొస్తుంది. గుర్తొచ్చింది తెస్తా. రానిది వదిలేస్తా. ఇంట్లో కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాదు."

తొమ్మిదేళ్ళుగా ఆ వంట తిన్న కోడలికి ఆ సంగతి ఆరోజే తెలిసింది. ఆస్పత్రిలో మూడువందల నలభైమంది కడుపుల సంగతి తెలిసిన మనిషి పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"అత్తయ్యకు ఏదిష్టం?" అంది చివరికి.

"వాన పడితే గుమ్మడికాయ సూపు కాచేది. ఎంత పని ఉన్నా సరే. కానీ వాన ఏ రోజు పడుతుందో నేనెలా చెప్పను?"

చార్టమ్మ గళ్ళన్నిటికీ కింద, తేదీ లేకుండా ఒక పెద్ద గడి గీసి "వాన పడిన రోజు: గుమ్మడికాయ సూపు" అని రాసింది. మిగతా ముప్పై గళ్ళూ ఇద్దరూ కలిసి, నోటికి వచ్చింది చెప్పుకుని నింపారు. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నారు, ఒకసారి చేపల గురించి, ఇంకోసారి కూడా చేపల గురించే.

ఆ కాగితం బోర్డెక్కింది. నర్సులు, కాంపౌండర్లు, లెక్కల గుమాస్తా ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. రెండు వారాలకు పిల్లల వార్డు పెద్ద నర్సు ఆస్పత్రి వంటగది దాకా వచ్చింది.

"అక్కా, గుమ్మడికాయ కొని పన్నెండు రోజులైంది. వాన జాడ లేదు. ఒకవైపు మెత్తబడుతోంది. ఏం చెయ్యమంటావ్?"

చార్టమ్మ జవాబు మర్నాటికి వాయిదా వేసి, సాయంత్రం మామగారిని అడిగింది. ఆయన ఆ సంగతిని తేలిగ్గా తీసుకోలేదు.

"మెత్తబడ్డ మేర కోసి పారేసి, మిగతాది వెంటనే కాచేయమను. వానదేముంది, దాని వీలు చూసుకుని అదే వస్తుంది."

"మరి చార్టు తప్పినట్టు కాదా?" అంది నర్సు, మర్నాడు ఈ తీర్పు విని.

"కాదులే" అంది చార్టమ్మ. ఆమె ఉద్యోగ జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు.

ఏడాది తిరక్కుండా సూపరింటెండెంటు బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయనకు తిండి మీద పట్టింపు లేదు, అందరూ మెట్లెక్కాలనేవాడు. బోర్డు మీద కాగితం చిరిగిపోయింది, ఎవరూ కొత్తది అడగలేదు. ఇంట్లో మాత్రం ఆదివారాల పని ఆగలేదు. మామగారు రెండు గ్లాసుల టీ తెచ్చేవాడు, కోడలు గళ్ళు గీసేది, మనవరాలు కూడా ఒక్కోసారి కుర్చీ లాక్కుని వాదనకు దిగేది. వారం మొత్తానికీ ఏం తినాలో తేలిపోయేది. సోమవారం నాలుగింటికి ఆయన సంచి పట్టుకుని వెళ్ళి, కంటికి ఏది కనిపిస్తే అది తెచ్చేవాడు. కాగితం ఏమైందని ఎవరూ అడిగేవారు కాదు.