ప్యాకెట్‌లో ఆరో మాప్

సూరత్ పాండేసరాలోని ఒక సర్జికల్ డ్రెస్సింగ్ యూనిట్‌లో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరింది టెక్స్‌టైల్ డిగ్రీ పూర్తయిన ఏడాది, జూన్ నెలలో. ఐదేళ్లు పనిచేసి, పాప పుట్టే ముందు మానేశాను. చివరి ఏడాది జరిగిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఉంది. నేను గర్వపడేది మాత్రం ఏమీ లేదు.

మా యూనిట్ తయారుచేసేది మాప్‌లు. కడుపు కోసి చేసే ఆపరేషన్లలో నెత్తురు అద్దడానికి వాడే, పొరలు పొరలుగా కుట్టిన గాజుగుడ్డ మెత్తలు. ప్రతి మాప్‌లోనూ ఒక నీలి దారం ఉంటుంది. అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నెత్తురులో తడిసిన మాప్‌ను పేగుల మధ్య గుర్తుపట్టడం కష్టం. పొరపాటున లోపల ఉండిపోతే ఆ దారమే పట్టిస్తుంది. అంతదాకా రానివ్వకుండా చూసేది లెక్క. ప్యాకెట్‌కు ఐదు. కోతకు ముందు నర్సు లెక్కపెడుతుంది, కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెడుతుంది.

ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లలో సగం మంది మావాళ్లే. మగ్గాల పని కోసం సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లోని డిండోలి, బమ్రోలి బస్తీల్లో ఉండిపోయిన కుటుంబాలవాళ్లు. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. వాళ్లందరిలో పెద్దది లచ్చవ్వ. సూపర్‌వైజర్ ఎదురుగా ఉంటే నన్ను మేడం అనేది, లేకపోతే బిడ్డా అనేది. నేను పెద్దమ్మా అనేదాన్ని.

ఒకసారి ఒక ఆస్పత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. ప్యాకెట్‌లో నాలుగే ఉన్నాయట. మేనేజర్ నన్ను పిలిచి గట్టిగా మందలించారు. ఆ కోపంతోనే ప్యాకింగ్ బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఒక్కటి తక్కువ వడ్డా ఊకోను. అనుమానమొస్తే ఒకటి ఎక్కువనే ఎయ్యిండ్రి, తక్కువ మాత్రం వద్దు" అన్నాను.

"గంతే గద బిడ్డా, కొసరేసినట్టు!" అని లచ్చవ్వ నవ్వింది. "దవఖాన్లకు పొయ్యేది, పుణ్యమే మనకు."

నేనూ నవ్వాను. నిబంధన అది కాదని నాకు తెలుసు. అనుమానం వస్తే కట్ట విప్పి, ఇద్దరు మనుషులు మళ్లీ లెక్కపెట్టాలి. దానికి సమయం పడుతుంది, లారీ బయట నిలబడి ఉంటుంది. ప్యాకింగ్ తర్వాత తూకం కాటా ఉంది కదా అంటారేమో. దాని పై హద్దును అంతకుముందే నేను సడలించాను. గాజుగుడ్డ బరువు లాటుకూ లాటుకూ కొంచెం మారుతుంది, మంచి ప్యాకెట్లు కూడా ఆగిపోతున్నాయని. అందువల్ల కాటా తక్కువ బరువును పట్టుకునేది, ఎక్కువను వదిలేసేది.

రెండు నెలలకు ఇంకో ఆస్పత్రి నుంచి ఫిర్యాదు. ప్యాకెట్‌లో ఆరు.

ఒకటి ఎక్కువైతే నష్టమేమిటని బయటివాళ్లకు అనిపిస్తుంది. నిజానికి తక్కువ కన్నా ఎక్కువే ప్రమాదం. తొందరలో ఉన్న నర్సు ప్యాకెట్ మీది చీటీ చూసి ఐదు అని రాసుకుందనుకోండి. చివర్లో ఐదు లెక్కకు వస్తాయి. అంతా సరిపోయిందని కుట్లు వేసేస్తారు. ఆరోది కడుపులో ఉంటుంది. ఆ ఆస్పత్రి నర్సు విప్పగానే సరిగా లెక్కపెట్టింది కాబట్టి ప్యాకెట్ మొత్తం పక్కన పెట్టి ఇంకోటి తెప్పించింది. ఆ బ్యాచ్‌ను వెనక్కి రప్పించి విప్పితే ఆరున్నవి మరికొన్ని బయటపడ్డాయి. వాటిలో ఉన్న ప్యాకర్ నంబరు చీటీలన్నీ లచ్చవ్వవే.

విచారణ మేనేజర్ గదిలో జరిగింది. ఎందుకు ఇలా చేశావని ఆయన హిందీలో అడిగారు. లచ్చవ్వ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను చేతిలోని ఫారం వైపు చూస్తూ ఉండిపోయాను. చివరికి ఆమె "గల్తీ హోగయా సేఠ్" అని తప్పు తన మీద వేసుకుంది.

ఆ ఫారంలో మూడు గడులుంటాయి: కారణం, బాధ్యులు, దిద్దుబాటు. నింపాల్సింది నేనే. కారణం దగ్గర, గోడ మీద ఉన్న పద్ధతిని పాటించకపోవడం, నిర్లక్ష్యం అని రాశాను. ఆ పద్ధతి ఇంగ్లీషులో, గుజరాతీలో ఉంది. లచ్చవ్వకు రెండూ రావు. బాధ్యుల దగ్గర ఆమె పేరు రాశాను. దిద్దుబాటు, ఆమెను తీసేయడం. అప్పుడు నాకు నాలుగో నెల. ఉద్యోగం పోతుందని భయపడ్డాను అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, మేనేజర్ ముందు చిన్నబోవడమంటేనే నాకు ఎక్కువ భయం.

నాకు సిజేరియన్ అయింది. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. తెర అవతల నర్సు మాప్‌లు లెక్కపెడుతోంది. ఏక్, దో, తీన్, చార్. ఆగింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. పాప ఏడుపు వినిపించాక కూడా నా చెవులు ఆ లెక్క మీదే ఉన్నాయి. ఆ ప్యాకెట్ ఎక్కడ కట్టారో, కట్టినామెకు ఎవరు ఏం చెప్పారో అనుకుంటూ ఉన్నాను.

పాపకు ఐదో నెల వచ్చాక, పాపను ఎత్తుకుని డిండోలి వెళ్లాను. లచ్చవ్వ ఇంటి ముందు కూర్చుని, రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి తెచ్చిన చీరలకు రాళ్లు అతికిస్తోంది.

"ఏంది మేడం, గిట్లొచ్చినవ్?" అంది. సూపర్‌వైజర్ ఎవరూ లేరు అక్కడ.

తప్పు నాదేనని చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"నాల్గు వడితె తిడ్తిరి, ఆరు వడితె ఎల్లగొడ్తిరి. గీ పనే నయం. ఒక రాయి ఎక్కువ వడ్డా ఎవ్వడూ సావడు."

ఇంకో రాయి అతికించి, "గా కాయితంల ఏం రాసినవ్?" అని అడిగింది.

నిర్లక్ష్యం అని రాశానని చెప్పాను.

"నిర్లక్ష్యమా? ముప్పై ఏండ్లు మగ్గం కాడ ఉన్న. ఒక్క పోగు తెగితె మగ్గం ఆపి అతికినదాన్ని. మీరు ఎల్లగొట్టినంక పని కోసం పాండేసరల నాలుగు కంపెనీలు తిరిగిన. లెక్క రాని ముసల్దంట నేను! నువ్వు చెప్పిందే చేస్తి గద. నువ్వు నోరు తెరుస్తవని సూసిన ఆ పొద్దు." పాప ఏడవబోతే జర నీడకు జరగమంది. "నాకెందుకు చెప్తున్నవ్? గా సేఠ్‌కు చెప్పు పో."

మరునాడు మేనేజర్‌కు ఉత్తరం రాశాను. ఒకటి ఎక్కువ వేయమన్నది నేనేననీ, కాటా హద్దు సడలించింది నేనేననీ రాసి సంతకం చేశాను. ఆయన ఫోన్ చేసి, ఆడిట్ కూడా అయిపోయింది, మూసిన ఫైలు ఇప్పుడెందుకని మర్యాదగానే అన్నారు. ఫిర్యాదు చేసిన ఆస్పత్రికి కూడా ఒక ప్రతి పంపాను. వాళ్లు ఒత్తిడి చేశాక కాటాకు పై హద్దు బిగించారని విన్నాను. బాధ్యుల గడిలో పేరు మాత్రం మార్చలేదు. లచ్చవ్వకు ఆ పని మళ్లీ దొరకలేదు.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. నోటిమాటగా ఇచ్చిన ఆదేశం కూడా ఆదేశమే. దాన్ని రికార్డులోకి ఎక్కించాల్సిన బాధ్యత ఇచ్చినవాళ్లది, పాటించినవాళ్లది కాదు. అది విచారణ రోజునే చేయాలి. ఆ తర్వాత చేస్తే యంత్రాలు బాగుపడతాయి. మనిషి మీద పడ్డ మాట అలాగే ఉంటుంది.