మార్కాపురం లెక్కకు రాని చావులు

నేను హెల్త్ ఇన్‌స్పెక్టరుగా మార్కాపురం చేరేనాటికి మనమింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లా కింద ఉండేది. టీకాలు వేయించడం, బావుల్లో మందు కలిపించడం నా పనిలో కొంత. తక్కినదంతా చావుల పని. ఊళ్లో ఎవరు పోయినా ఆ ఇంటికి వెళ్లి, ఏ జబ్బుతో పోయారో అడిగి రాసుకోవాలి. వాంతిభేది, మశూచి, జ్వరం, విరేచనాలు, ఊపిరి జబ్బులు, పాముకాటు, దెబ్బలు, ఇతరాలు. కాగితం మీద ఉన్న గడులు ఇవే. ఎవరి చావైనా వాటిలో ఏదో ఒకదాంట్లో ఇమడాల్సిందే.

ఈ పని చేసేవాడికి ఊళ్లో ఇల్లు దొరకదని నాకు ముందు తెలియదు. బజారులో ఒక బట్టల వ్యాపారి తన ఇంటి వెనక గది ఇస్తానన్నాడు. పెట్టె, పరుపుచుట్ట తీసుకుని వెళ్లేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోవద్దయ్యా. మా ఆడోళ్లు ఒప్పుకోవడంలేదు. మీరు పొద్దున లేస్తే చావింటికి పోతారు, మళ్లా అట్లనే వచ్చి మా గడప తొక్కుతారు గదా" అన్నాడు.

ఆయన మాటలో కోపం లేదు. నాకు మంచినీళ్లు ఇప్పించి మరీ పంపాడు. చివరికి ఊరి బయట, పలకలు చేసేవాళ్లు ఉండే వీధిలో ఒక పాత గోదాము గది దొరికింది. దాని యజమాని గిద్దలూరులో ఉండేవాడు. అద్దెకు ఎవరుంటే ఆయనకేం?

ఉద్యోగంలో చేరిన కొత్తలో జనం నన్ను గౌరవిస్తున్నారనుకున్నాను. హోటల్లో నేను కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. వీధిలో నడుస్తుంటే ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు. కొన్నాళ్లకు సంగతి అర్థమైంది. పెళ్లికి నన్ను పిలిచేవాళ్లు లేరు. పండగకు ఎవరైనా పిండివంటలు పంపినా గుమ్మం బయట పెట్టి వెళ్లేవాళ్లు. సాయంత్రం గదికి వచ్చి దీపం వెలిగించుకున్నాక మళ్లీ తెల్లవారి చావింట్లో మాట్లాడేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు.

అటువంటి రోజుల్లో ఎదురింటి మనిషి ఒకాయన వచ్చి నా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. గనిలోంచి వచ్చిన రాతిబిళ్లను పలచగా చీల్చి, గీకి, నునుపు చేయడం ఆయన పని. నాకంటే కొన్నేళ్లు పెద్ద. స్నానం చేసి వచ్చినా కనుబొమలు బూడిదరంగులోనే ఉన్నాయి.

"ఇంట్లో ఎవరు లేరా అయ్యా?" అన్నాడు.

"లేరు."

"నాకూ అంతే. మా ఆమె ఊళ్లో ఉంది, గొర్లను చూసుకుంటా. మాది చంద్రశేఖరపురం పక్కన పల్లె."

నన్ను చూసి అందరూ తప్పుకుని పోతున్నారని, ఆయన పని కూడా చెడుతుందేమోనని చెప్పాను.

"నువ్వేమన్నా చావును తెస్తావా? అది వచ్చినాక పోయి రాసుకుంటావు" అని బీడీ తీశాడు. కాస్త పీల్చగానే దగ్గు వచ్చింది. బీడీని ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

ఆనాటి నుంచి దాదాపు ప్రతి సాయంత్రం వచ్చేవాడు. మేము గొప్ప విషయాలేమీ మాట్లాడుకోలేదు. తన గొర్రెల్లో ఏది పొగరుబోతో, ఏది దారి తప్పుతుందో చెప్పేవాడు. వాటిని చూసి ఎన్ని నెలలైందో తనకే గుర్తులేదు. మా అమ్మ చిన్నప్పుడే పోయిందని, నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడని నేను చెప్పాను. ఒకరోజు నన్ను 'అయ్యా' అనడం మాని 'తమ్ముడా' అన్నాడు. నేనూ 'అన్నా' అన్నాను. ఆ మార్పును ఇద్దరమూ గమనించనట్టే ఉన్నాం.

ఆ ఏడు పైఅధికారి తనిఖీకి వచ్చారు. ఊరి నడుమ వీధులకంటే ఈ శివారు వీధిలో వెయ్యిమందికి పడే చావులు బాగా తక్కువని కాగితాలు చూసి మెచ్చుకున్నారు.

"ఊరి బయట గాలి మంచిదయ్యా. ఇరుకు లేదు. నడుమ వీధుల వాళ్లకు కూడా ఇది చెప్పాలి" అన్నారు.

నాకూ అది నిజమే అనిపించింది. వీధి వెనకంతా పొలాలే. గాలికి అడ్డు లేదు.

ఎండాకాలం ముదిరేసరికి ఎదురింటి అన్నకు నడిచి రావడమే కష్టమైంది. మా వీధి ఎంత? నాలుగడుగులు వేసి గోడ పట్టుకునేవాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు సీసాలో మందు పోసి ఇచ్చాడు, పని మానమన్నాడు. పని మానితే మార్కాపురంలో ఉండి చేసేదేముంది? ఒక ఉదయం చూస్తే ఆయన ఇంటి ముందు ఎద్దుల బండి ఉంది. చాప, రెండు కుండలు ఎక్కించి ఉన్నాయి. నేను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తే ఆ చేతిలో బరువే లేదు.

"బాగయినాక వస్తావు గదా అన్నా" అన్నాను.

"గొర్రెపాలు తాగితే తేరుకుంటానేమో. నువ్వే రా తమ్ముడా ఒకపారి. మా ఊళ్లో నిన్ను చూసి ఎవురూ తప్పుకోరు. నువ్వేం పని చేస్తావో వాళ్లకేం తెలుసు."

బండి వెళ్లిపోయింది. కొద్దిరోజుల్లోనే ఆ ఇంట్లోకి కొత్త మనిషి వచ్చాడు. పలకల పనికే వచ్చిన కుర్రవాడు, భుజాలు గట్టివి. నేను పలకరిస్తే తల ఊపి లోపలికి వెళ్లేవాడు. నా సంగతి ఎవరో అప్పటికే చెప్పి ఉంటారు. సాయంత్రం మెట్టు మీద ఒక్కణ్నే కూర్చుంటే ఆ వీధి మునుపటికంటే పొడుగ్గా కనిపించేది. వంట చేసుకోవాలన్నా మనసు పుట్టేది కాదు. బొరుగులు నమిలి నీళ్లు తాగి పడుకునేవాణ్ని.

వానలు వెనకపట్టాక సెలవు పెట్టి చంద్రశేఖరపురం బయల్దేరాను. బస్సు ఉన్నంత దూరం బస్సులో, తక్కిన దారి కాలినడకన. పల్లెలో ఆయన ఇల్లు అడిగితే ఒక ముసలాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఆయన లేడు గదా నాయనా. పోయినాడు" అన్నాడు.

ఇంటి ముందు ఆయన భార్య సజ్జలు చెరుగుతూ ఉంది. నేనెవరో చెప్పకముందే చేట పక్కన పెట్టింది.

"మార్కాపురం నుంచేనా? ఎదురింటి తమ్ముడని చెప్తాండె. నువ్వేనా అబ్బయ్యా?"

అవునన్నాను. ఆమె మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. వచ్చిన నెలకే పోయాడట. కూర్చుంటేనే ఊపిరి ఆడేదట, పడుకోనిచ్చేది కాదట. గుంజకు ఆనించి కూర్చోబెడితే అట్లాగే పోయాడట.

"మునసబు వచ్చి అడిగి జొరమని రాసుకుని పోయినాడు. జొరం యాడిది? వొళ్లు చల్లగానే ఉండె. ఊపిరే అందకపాయె" అంది.

ఎన్నో ఇళ్లలో నేను అడిగే ప్రశ్నలే. ఆ రోజు ఒక్కటీ అడగలేదు. ఆమె చెబుతుంటే విన్నాను. సజ్జరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఒకామె తన బిడ్డను నా ఒళ్లో వేసి కళ్లంలోకి వెళ్లింది. అంతమంది నడుమ కూర్చుని నేను తిన్నది ఎన్నేళ్ల తర్వాతో. పిలిచిన మనిషి మాత్రం లేడు.

బయల్దేరేటప్పుడు ఆమె పొలిమేర దాకా వచ్చింది.

"మా తమ్ముడొకడు ఉన్నాడు అబ్బయ్యా. ఈసారి వాన సరిగా పడలేదని, గొర్లను అమ్మి పలకల పనికి పోతానంటాండాడు. నువ్వక్కడ ఉండేటోడివి. పంపేదా, వద్దా?"

"వద్దు వదినా" అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు.

తిరుగుదారిలో నడుస్తుండగా ఒక సంగతి మెదిలింది. మా వీధిలో ముసలివాడన్నవాణ్ని నేను చూడలేదు. మార్కాపురం చేరాక ఒక్కో ఇంటికీ వెళ్లి, "మీకంటే ముందు ఈ ఇంట్లో ఎవరుండేవాళ్లు?" అని అడిగాను. చావు లేని రోజు నేను తలుపు తట్టేసరికి వాళ్లు భయపడ్డారు. అయినా చెప్పారు. ఒకాయన ముండ్లమూరు వైపు పోయాడు, ఒకాయన కంభం వైపు. అందరూ దగ్గుతూనే పోయినవాళ్లు, తిరిగి రానివాళ్లు. వీధి గాలి మంచిది కావడం వల్ల కాదు చావులు తగ్గింది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఇక్కడ బతికి, అది అయిపోయాక సొంత ఊళ్లకు వెళ్లి చనిపోతున్నారు. అక్కడ ఎవరో ఒకరు జ్వరమని రాసుకుంటున్నారు.

ఇదంతా పైఅధికారికి చెప్పాను. ఆయన ఓపికగానే విన్నారు.

"నువ్వు చెప్పింది అబద్ధమని అనను. కానీ మనిషి ఎక్కడ పోతే అక్కడే లెక్క. చంద్రశేఖరపురం నెల్లూరు జిల్లా. వాళ్ల చావు మన కాగితంలోకి ఎట్లా వస్తుంది?"

"పనిచేసే వాళ్ల ఊపిరితిత్తులన్నా డాక్టరుతో పరీక్ష చేయిద్దామండీ."

"పైకి రాస్తాను" అన్నారు. రాశారో లేదో నాకు తెలియదు. డాక్టరు మాత్రం ఎవరూ రాలేదు. నేనే సాయంత్రాలు కార్ఖానాల దగ్గరికి వెళ్లి, రాతిపొడి లోపలికి పోకుండా ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమని చెప్పేవాణ్ని. కొందరు కట్టుకునేవాళ్లు. ఎక్కువమంది ఊపిరాడటం లేదని తీసేసేవాళ్లు.

తర్వాత నన్ను గిద్దలూరు మార్చారు. ఆ సంగతి వదినకు ఒక కార్డు రాశాను. స్టేషను దగ్గర గది. అక్కడ అడవి జ్వరాలు ఎక్కువ. పని మారలేదు, జనం చూపూ మారలేదు. సాయంత్రం బండి వచ్చినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడేవాణ్ని. దిగేవాళ్లకు నేనెవరో తెలియదు కాబట్టి దారి అడిగేవాళ్లు. నాకు అదొక కాలక్షేపం.

ఒక వేసవిలో నల్లమల మేతకు వెళ్లే మందలు ఊరి పక్కన ఆగాయి. గొంగడి కప్పుకున్న ఒకతను వచ్చి మా ఆఫీసు దగ్గర నా గురించి అడిగాడు. ఎదురింటి అన్న బావమరిది.

"మా అక్క చెప్పింది, గిద్దలూరిలో ఉంటావని. పలకరించి పొమ్మంది."

"పలకల పనికి పోలేదా?"

"గొర్లను అమ్మనియ్యలేదు. వానల్లేక సగం చచ్చినాయి, ఉన్నయి ఇవి" అని మందవైపు చూపించాడు. ఆ మాటలో అక్కమీద కొంచెం కోపం కూడా ఉంది. కానీ దమ్ము బాగుంది. మంద అవతలి కొసలో ఉన్నవాణ్ని అక్కణ్నుంచే కేకేసి పిలిచాడు. దగ్గు రాలేదు.

వాళ్లతో కూర్చుని సంగటి తిన్నాను. పెళ్లి చేసుకున్నావా అని అక్క అడగమందట. లేదన్నాను. అతను నా ముద్దలో మరికొంచెం పాలు పోశాడు. పొద్దు వాలకముందే మందను లేపారు. గొర్రెలన్నీ అడవి దారి పట్టాక నేను చేతులు కడుక్కుని ఆఫీసుకు వెళ్లాను. స్టేషను వెనక వీధిలో ఎవరో పోయారని కబురు వచ్చి ఉంది.